అద్దె సామాను, అడ్వాన్సు, కార్డు మెషిన్: మీ ప్రశ్నలకు జవాబులు

సెంట్రింగ్ సామాను, కాంక్రీటు కలిపే మిల్లర్లు, జనరేటర్లు, షామియానాలు అద్దెకిచ్చే వ్యాపారులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం అడ్వాన్సు చుట్టూనే తిరుగుతున్నాయి. ఎంత తీసుకోవాలి, ఏ రూపంలో తీసుకోవాలి, ఎప్పుడు ఎంత పట్టుకోవచ్చు అన్నవే. ఈ నెల పేజీ వాటికే కేటాయించాం.

ప్రశ్న: మాది సెంట్రింగ్ రేకులు, స్లాబు కింద ఊతంగా నిలబెట్టే జాకీలు, మిల్లరు, వైబ్రేటర్లు అద్దెకిచ్చే షాపు. అడ్వాన్సు ఎక్కువ అడిగితే పక్క షాపుకి పోతున్నారు, తక్కువ తీసుకుంటే సామాను దెబ్బతిన్నప్పుడు చాలడం లేదు. ఇప్పటికి ఆధార్ ఒరిజినల్, బండి సీ-బుక్కు పెట్టుకుంటున్నాం. సరైన లెక్క ఏమిటి? (రాజాం)

ముందు ఆ ఒరిజినల్ కార్డులు పెట్టుకోవడం మానండి. ఆధార్‌ని ఎవరైనా ఫోన్లో మళ్లీ దింపుకోగలరు, సీ-బుక్కు డిజిలాకర్లో దొరుకుతుంది. మీ బీరువాలో ఉన్న కార్డు కోసం ఎవరూ సామాను వెనక్కి తీసుకురారు. ఆ కార్డు పోతే మాత్రం జవాబు చెప్పుకోవాల్సింది మీరే. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ కాపీ తీసుకోండి. దానితోపాటు సైటు చిరునామా, మేస్త్రీ ఫోను, ఇల్లు కట్టించుకుంటున్న యజమాని ఫోను రాసుకోండి. సామాను ఎక్కడ దిగిందో తెలియడం ఏ గుర్తింపు కార్డుకన్నా ఎక్కువ పనికొస్తుంది. కాబట్టి ఆటోలో పంపినప్పుడు దించిన చోట ఫోటో, లొకేషన్ డ్రైవరు చేత తెప్పించుకోండి.

ఇక అడ్వాన్సు. యంత్రం ఖరీదులో ఇంత శాతం అని పెట్టుకుంటే ఎప్పుడూ కుదరదు. పోయే అవకాశం ఉన్నదాని మీద లెక్క కట్టండి. ఆ సామానులో మామూలుగా ఏది విరుగుతుంది, ఏ చిన్న భాగం తిరిగి రాదు, ఎన్ని రోజులు ఆలస్యం చేస్తారు, ఈ మూడూ కలిపితే వచ్చేదే అడ్వాన్సు.

కాంక్రీటుని కుదించే నీడిల్ వైబ్రేటర్ చూడండి. మోటారు కాలిపోవడం తక్కువ. పోయేవి నీడిల్, దాని లోపలి షాఫ్టు. నీడిల్‌ని కాంక్రీటులో ముంచకుండా గాలిలో తిప్పుతూ వదిలేస్తే లోపలి బేరింగు వేడెక్కి పట్టేస్తుంది. గొట్టాన్ని బాగా మెలిపెట్టి లాగితే షాఫ్టు తెగుతుంది. కాబట్టి ఒక నీడిల్ సెట్టు ఖరీదు, రెండు రోజుల అద్దె కలిపితే మీ అడ్వాన్సు తేలుతుంది. మోటారు ఖరీదు అందులో కలపక్కర్లేదు. కాంక్రీటు పగలగొట్టే బ్రేకరుకైతే ఉలి, సైడు హ్యాండిల్, పెట్టె తిరిగి రావు. కార్బన్ బ్రష్షులు అరగడం మాత్రం మామూలు అరుగుదల, అది మీ ఖర్చే. మిల్లరుకి అసలు గండం డ్రమ్ములో గట్టిపడిన కాంక్రీటు. సుత్తితో కొట్టి తీస్తే డ్రమ్ము సొట్టలు పడుతుంది, బ్లేడ్లు వంగుతాయి. అందుకే కడగడానికి ఎంత, కొట్టి తీయడానికి ఎంత అని రెండు అంకెలు బిల్లు మీద ముందే అచ్చు వేయించండి. రేకులు వంద వెళ్తే అయిదారు రేకుల ఖరీదు, జాకీల పిన్నుల ఖరీదు, వారం అద్దె తీసుకుంటే సరిపోతుంది. జాకీలు లెక్క సరిగ్గా వచ్చినా పిన్నులు రావు. రెండూ విడివిడిగా లెక్కపెట్టి ఇవ్వండి, విడివిడిగా లెక్కపెట్టి తీసుకోండి.

ఈ భాగాల ధరల పట్టీ కౌంటరు దగ్గర గోడకి అంటించండి. తెలిసిన మేస్త్రీకి అడ్వాన్సు తగ్గించినా ఫరవాలేదు. భాగం ధర మాత్రం అందరికీ ఒకటే ఉండాలి, లేకపోతే లెక్క చూసుకునే రోజున గొడవ తప్పదు.

ప్రశ్న: కార్డు మెషిన్ పెట్టాం. అడ్వాన్సు కూడా అందులోనే గీకించి, సామాను వచ్చాక రిఫండ్ చేస్తున్నాం. ప్రతిసారీ మా చేతి డబ్బే పోతోంది. ఎందుకు? (నరసన్నపేట)

మీరు అడ్వాన్సుని అమ్మకంగా గీకుతున్నారు, అందువల్ల. క్రెడిట్ కార్డు మీద బ్యాంకు మీ దగ్గర కోసుకునే రుసుము రెండు శాతం అనుకుందాం. 10,000 రూపాయల అడ్వాన్సుకి 200 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 36 రూపాయలు, మొత్తం 236. వారం తర్వాత 10,000 తిరిగి ఇస్తే ఆ 236 సాధారణంగా వెనక్కి రాదు. మూడు వందలు అద్దె వచ్చే బ్రేకరు మీద 236 పోతే ఇక మిగిలేదేమిటి?

డెబిట్ కార్డుకి రిజర్వ్ బ్యాంకు పెట్టిన గరిష్ఠ పరిమితులు 2018 జనవరి నుంచి ఉన్నాయి. ఏడాది టర్నోవరు 20 లక్షల లోపు ఉన్న వ్యాపారికి మెషిన్ మీద 0.40 శాతం, ఎంత పెద్ద మొత్తమైనా 200 రూపాయలు దాటకూడదు. టర్నోవరు అంతకు మించితే 0.90 శాతం, 1,000 రూపాయలు దాటకూడదు. రూపే డెబిట్ కార్డుకి, బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐకి 2020 జనవరి నుంచి రుసుమే లేదు. క్రెడిట్ కార్డుకి ఇలాంటి పరిమితి లేదు. బ్యాంకుతో మీరు కుదుర్చుకున్నదే రేటు. ఇంకొకటి గమనించండి. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకున్నవారు మీ క్యూఆర్ మీద దానితోనే కట్టవచ్చు. చిన్న వ్యాపారికి 2,000 రూపాయల వరకు రుసుము ఉండదు, ఆ పైన పడుతుంది. యూపీఐలో వచ్చింది కదా అని అన్నీ ఉచితం అనుకోకండి, స్టేట్‌మెంట్ చూడండి.

గీకిన రోజే, మెషిన్ సెటిల్‌మెంట్ (ఆ రోజు లావాదేవీల లెక్క బ్యాంకుకి పంపడం) కొట్టక ముందే కస్టమరు వద్దంటే 'వాయిడ్' చేయండి, అసలు లావాదేవీయే రద్దవుతుంది. సెటిల్‌మెంట్ అయ్యాక మిగిలే దారి 'రిఫండ్' ఒక్కటే. అది కస్టమరు కార్డుకి చేరడానికి కొన్ని పనిదినాలు పడుతుంది. "రేపే పడుతుంది" అని మాటివ్వకండి. రిఫండ్ స్లిప్పు మీది రిఫరెన్స్ నంబరు ఇచ్చి, డబ్బు రాకపోతే ఆ నంబరుతో తన బ్యాంకులో అడగమనండి.

అడ్వాన్సుకి అసలైన పద్ధతి ప్రీ-ఆథరైజేషన్. హోటళ్లవారు చేసేది ఇదే. కార్డులో ఆ మొత్తాన్ని ఆపి ఉంచుతారు, డబ్బు మీ ఖాతాలోకి రాదు. సామాను బాగా వస్తే విడుదల చేస్తారు, రాకపోతే ఆపిన మొత్తానికి లోపల మీకు రావాల్సినంత 'కంప్లీషన్' కొడతారు. మామూలుగా ఇచ్చే మెషిన్లో ఈ మెనూ ఉండదు. మెషిన్ ఇచ్చిన బ్యాంకుకి ఉత్తరం రాసి తెరిపించుకోవాలి. ఆ ఉత్తరంలోనే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మీ వ్యాపార వర్గానికి ఎన్ని రోజులు ఆపి ఉంచవచ్చు, విడుదల మీరు కొట్టాలా దానంతటదే అవుతుందా, పాక్షిక కంప్లీషన్ కుదురుతుందా. రోజుల గడువు బ్యాంకుని బట్టి, కార్డు కంపెనీని బట్టి మారుతుంది. గడువు దాటితే ఆ హోల్డు పనికిరాదు.

సెంట్రింగ్ వ్యాపారులు ఇక్కడే జాగ్రత్తపడాలి. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబు కింద జాకీలు కనీసం 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14 రోజులు. దూలాల కిందైతే 6 మీటర్ల వరకు 14, ఆ పైన 21 రోజులు. వానలు పడితే ఇంకా ఆలస్యం. అన్ని రోజులు నిలవని హోల్డుని నమ్ముకుని రేకులు పంపకూడదు. ఒకటి రెండు రోజుల అద్దెలకే ప్రీ-ఆథరైజేషన్ వాడండి: బ్రేకరు, టైల్ కట్టరు, జనరేటరు లాంటివాటికి. సెంట్రింగుకి యూపీఐ గానీ బ్యాంకు బదిలీ గానీ తీసుకోండి. డెబిట్ కార్డు మీద హోల్డు పెట్టకపోవడమే మంచిది. ఆగేది కస్టమరు ఖాతాలో ఉన్న సొంత డబ్బు, విడుదల ఆలస్యమైతే ఆ ఇంట్లో అవసరం ఆగిపోతుంది.

ఏ కార్డైనా అద్దె ఒక లావాదేవీ, అడ్వాన్సు వేరే లావాదేవీగా కొట్టండి. రెండూ కలిపి ఒకే అంకె కొట్టారంటే తర్వాత ఏ తగాదాలోనూ విడదీసి చూపలేరు. 5,000 రూపాయల వరకు పిన్ లేకుండా కార్డు ఆనించి చెల్లించవచ్చు కదా, అడ్వాన్సుకి మాత్రం చిప్ పెట్టించి పిన్ కొట్టించండి. పిన్ కొట్టిన లావాదేవీని "నేను చేయలేదు" అనడం కష్టం. ఇంకొక మాట, డెబిట్ కార్డు వాడితే రెండు శాతం అదనం అని కస్టమరు మీద వేయడానికి రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోదు. ఆ బోర్డు ఉంటే తీసేయండి.

ప్రశ్న: అడ్వాన్సు ఒకరి ఫోన్‌పే నుంచి వస్తోంది, మర్నాడు "పని ఆగిపోయింది, క్యాష్ ఇచ్చేయండి" అంటున్నారు. ఇవ్వొచ్చా? (బొబ్బిలి, టెంట్ హౌస్)

ఇవ్వకండి. వచ్చిన ఖాతాకే తిరిగి పంపండి. అది సైబర్ మోసంలో దోచుకున్న డబ్బు అయితే దాన్ని నోట్లుగా మార్చుకునే సులువైన దారి ఇదే. బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఏయే ఖాతాల మీదుగా వెళ్లిందో వెతుక్కుంటూ మీ ఖాతా దాకా వస్తారు, ఆ మొత్తం మీదో, మొత్తం ఖాతా మీదో ఆంక్ష పడుతుంది. మీరు నగదు ఇచ్చేశారు కాబట్టి రెండు వైపులా పోయింది మీదే. జాతర సీజనులో ఖాతా ఆగితే కూలీలకి కూడా ఇవ్వలేరు.

అందుకే బిల్లు మీద ఒక వాక్యం అచ్చు వేయించండి: "అడ్వాన్సు వచ్చిన ఖాతాకే లేదా కార్డుకే తిరిగి ఇవ్వబడును." సామాను తీసుకునే మనిషి పేరు, డబ్బు పంపిన ఖాతా పేరు వేరైతే అక్కడే అడగండి. అన్నదమ్ములో, మేస్త్రీకి యజమానో పంపితే ఆ పేరు, ఫోను బిల్లు మీద రాసి సంతకం తీసుకోండి. సంబంధం చెప్పలేకపోతే ఆ డబ్బు తీసుకోకండి. కార్డు డబ్బుకీ ఇదే నియమం. కార్డు మీద తీసుకున్నది నగదుగా తిరిగిస్తే, తర్వాత కస్టమరు బ్యాంకులో "రిఫండ్ రాలేదు" అని ఫిర్యాదు పెడితే మీ దగ్గర రుజువు ఉండదు.

ఫోన్లో చూపించే స్క్రీన్‌షాటుని చెల్లింపుగా తీసుకోవద్దు. సౌండ్ బాక్సు పలకాలి, లేదా మీ ఖాతాలో పడినట్టు కనిపించాలి. అంతవరకు సామాను బండెక్కకూడదు.

ప్రశ్న: సిరిమానోత్సవం రోజుల్లో నెట్‌వర్క్ ఆగి "పెండింగ్" అని చూపిస్తోంది. కస్టమరు ఖాతాలో కట్ అయింది, మాకు రాలేదు. మళ్లీ కట్టమనాలా? (విజయనగరం)

వెంటనే మళ్లీ ఫోన్లోనో కార్డు మీదో కట్టమనకండి. ముందు మీ స్టేట్‌మెంట్ చూడండి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం, వ్యాపారికి ధ్రువీకరణ అందని చెల్లింపు, యూపీఐ అయినా కార్డు మెషిన్ అయినా, అయిదు రోజుల్లోగా కస్టమరుకి దానంతటదే వెనక్కి వెళ్లాలి. దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం అతని బ్యాంకు ఇవ్వాలి. ఈ మాట కస్టమరుకి చెప్పి, లావాదేవీ నంబరు రాసుకోండి, డబ్బు చేరేదాకా అడ్వాన్సు నగదుగా తీసుకుని రశీదు ఇవ్వండి. పైడితల్లి జాతర, అరసవల్లి రథసప్తమి లాంటి రద్దీ రోజుల సామానుకి అడ్వాన్సు రెండు మూడు రోజుల ముందే తీసుకోవడం తేలిక. 2018 తిత్లీ తుఫానులా కరెంటు, సిగ్నలు రోజుల తరబడి లేని పరిస్థితికి మాత్రం కార్బన్ పేపరు బిల్లు బుక్కు, కొంత చిల్లర షాపులో ఎప్పుడూ ఉండాలి. జనరేటర్లకి గిరాకీ వచ్చేది ఆ రోజుల్లోనే.

ప్రశ్న: అయిదు కేవీఏ జనరేటరు ఇచ్చాం, ఇంజను పట్టేసి వచ్చింది. అడ్వాన్సు మొత్తం మాదే అని బిల్లు మీద అచ్చు వేశాం. కస్టమరు ఒప్పుకోవడం లేదు. (చీపురుపల్లి)

అచ్చు వేసినంత మాత్రాన మొత్తం మీది కాదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో 74వ సెక్షను ఒప్పందంలో ఎంత అంకె రాసుకున్నా, ఆ అంకెకి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. అడ్వాన్సు 15,000, రిపేరు 9,000 అయితే మిగతా 6,000 కస్టమరుదే. రిపేరు 22,000 అయితే మిగతా 7,000 అడగడానికి మీకు హక్కుండాలంటే, "అడ్వాన్సుకి మించిన నష్టం కూడా చెల్లించవలెను" అని బిల్లులో విడిగా ఉండాలి. "అడ్వాన్సు మొత్తం జప్తు" అన్న మాట ఒక్కటే ఉంటే మీరే మీ చేతులు కట్టేసుకున్నట్టు.

రెండో సంగతి, తప్పు ఎవరిది. 151వ సెక్షను ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని చూసుకునేంత జాగ్రత్తగా తీసుకున్నవాడు చూడాలి. 150వ సెక్షను మీ వైపు తిరుగుతుంది: అద్దెకిచ్చిన వస్తువులో లోపం ఉంటే, అది మీకు తెలియకపోయినా దానివల్ల కస్టమరుకి కలిగిన నష్టానికి బాధ్యత మీదే. కాబట్టి యంత్రం బయలుదేరినప్పుడు బాగుందని చూపగలగాలి. దానికి కావలసింది పది నిమిషాల పని. కస్టమరు ముందే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి, ఆయిలు రెండు గీతల మధ్య ఉన్నట్టు ఫోటో తీయండి. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటరు అంకె ఫోటో తీయండి. ఇంజను స్టార్టు చేసి ఒక బల్బు కాదు, ఒక హీటరో గ్రైండరో తగిలించి, లోడు మీద ఓల్టేజీ ఎంత నిలబడిందో ముప్పై సెకన్ల వీడియో తీయండి. ఫోటోలు కస్టమరు వాట్సాప్‌కే పంపండి, తేదీ, సమయం దానిలోనే ఉంటాయి. తిరిగి వచ్చినప్పుడు అవే ఫోటోలు, అదే క్రమంలో.

మెకానిక్కు విప్పేటప్పుడు కస్టమరుని పిలవండి. ఆయిలు లేక పట్టేసిన ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు జర్నలు గీసుకుపోయి, వేడికి నీలం తిరిగి ఉంటాయి. ఓవర్‌లోడు అయితే ఇంజను బాగానే ఉండి, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు వైండింగు నల్లబడి, వార్నీషు కాలిన వాసన వస్తుంది. వెల్డింగు మెషిన్ తగిలించారంటే తరచుగా ఇదే. ఓల్టేజీని నిలకడగా ఉంచే ఏవీఆర్ ఒక్కటే పోతే అది ఎక్కువసార్లు పాతబడటం వల్లే, కస్టమరు మీద వేయకండి. రెండు మూడు రోజులు నడిపే జనరేటరుకి రోజూ ఆయిలు చూడాల్సింది కస్టమరే అని, ఏ గ్రేడు ఆయిలో కూడా, ఇచ్చేటప్పుడు రాసి సంతకం తీసుకోండి. రాయకపోతే "మాకెవరూ చెప్పలేదు" అన్న మాట నిలబడుతుంది.

అడ్వాన్సులోంచి కోసేటప్పుడు కొత్త భాగం ఖరీదు పూర్తిగా వేయడం న్యాయం కాదు. నాలుగేళ్లు వాడిన పిస్టనుకి కొత్త పిస్టను ధర అడిగితే ఏ వినియోగదారుల కమిషనులోనూ నిలవదు. వయసుని బట్టి తగ్గించి, మెకానిక్కు బిల్లు కాపీ ఇచ్చి, మిగతాది అదే వారంలో తిరిగి పంపండి.

ప్రశ్న: సామాను తిరిగిచ్చి నెల అయ్యాక కస్టమరు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాడు. మా ఖాతాలో డబ్బు వెనక్కి తీసుకున్నారు. (టెక్కలి)

దీన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. మీ బ్యాంకు ఈమెయిలు పంపి, పత్రాలు పంపడానికి కొన్ని రోజుల గడువు ఇస్తుంది. ఆ ఈమెయిలు ఎవరూ చూడని అడ్రసుకి వెళ్తుండటమే చాలామంది ఓడిపోవడానికి కారణం. మెషిన్ దరఖాస్తులో ఏ ఈమెయిలు ఇచ్చారో ఈరోజే చూసుకోండి. గడువులోగా జవాబు లేకపోతే మీరు ఒప్పుకున్నట్టే లెక్క.

పంపాల్సినవి: షరతులు ఉన్న బిల్లు మీద సంతకం, ఛార్జ్ స్లిప్పు, సామాను ఇచ్చినప్పటి, వచ్చినప్పటి ఫోటోలు, ఎంత కోశారు ఎందుకు కోశారు అని కస్టమరుకి ముందే పంపిన లెక్క. ఈ చివరిదే అన్నిటికన్నా బలమైనది. డబ్బు కోశాక చెప్పినదానికి, కోయకముందు చెప్పినదానికి బ్యాంకు ఒకే విలువ ఇవ్వదు. స్లిప్పు మీది సిరా కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, అదే రోజు ఫోటో తీసి పెట్టండి.

ప్రశ్న: దూరం కస్టమర్లు కార్డు ఫోటో వాట్సాప్‌లో పంపి డబ్బు కోసుకోమంటున్నారు. (ఆమదాలవలస)

వద్దు. 2022 అక్టోబరు నుంచి వ్యాపారులెవరూ కార్డు పూర్తి నంబరు దాచుకోకూడదు, చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు మాత్రమే ఉంచుకోవచ్చు. వెనకవైపు మూడంకెలు, ఓటీపీ అయితే అడగనే కూడదు. మీ పేమెంట్ కంపెనీ ఇచ్చే పేమెంట్ లింకు పంపండి. ఇప్పటికే వచ్చిన ఫోటోలు ఫోన్లోంచి తీసేయండి.

ప్రశ్న: పర్లాకిమిడి వైపు కాంట్రాక్టర్లు సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇస్తున్నారు. పనికొస్తుందా? (పాతపట్నం)

పెద్ద సామానుకి పనికొస్తుంది, నియమాలు పాటిస్తేనే. చెక్కులో అంకె వేసేటప్పుడు ఆ రోజున నిజంగా ఉన్న బాకీ ఎంతో అంతే వేయాలి. కొంత కట్టేశాక కూడా మొత్తం అంకె వేసి పంపితే చెక్కు బౌన్సు కేసు (138వ సెక్షను) నిలవదు. తేదీ వేసిన మూడు నెలల్లోగా బ్యాంకులో వేయాలి. తిరిగొస్తే ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజులు గడువు, అప్పటికీ కట్టకపోతే తర్వాతి నెల లోపల కోర్టులో ఫిర్యాదు. 2015 సవరణ తర్వాత మీ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే కేసు వేయవచ్చు, ఒడిశా దాకా తిరగక్కర్లేదు. చెక్కు నంబరు, "అద్దె సామాను నిమిత్తం" అన్న మాట బిల్లు మీద రాయించి సంతకం చేయించండి.

ప్రశ్న: అడ్వాన్సు మీద జీఎస్టీ కట్టాలా? నగదుగా ఎంతవరకు తీసుకోవచ్చు? (శ్రీకాకుళం)

తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్సు మీద జీఎస్టీ లేదు. దాన్ని అద్దె కింద జమ చేసుకున్న రోజున అది ప్రతిఫలం అవుతుంది, ఆ మేరకు బిల్లు వేసి పన్ను కట్టాలి. జీఎస్టీ చట్టం 2(31) సెక్షనులోనే ఇది ఉంది. చిక్కు ఎక్కడంటే, మెషిన్ స్టేట్‌మెంటులో అడ్వాన్సూ అద్దె కలిసి అమ్మకంగానే కనిపిస్తాయి. అధికారి ఆ మొత్తం చూపించి అడిగినప్పుడు విడదీసి చూపాలంటే అడ్వాన్సులకి వేరే లెడ్జరు, వీలైతే వేరే క్యూఆర్ పెట్టుకోండి. సేవలకి రిజిస్ట్రేషను పరిమితి ఏడాదికి 20 లక్షలు కాబట్టి చిన్న షాపులకి ఈ విడదీత మరీ ముఖ్యం.

నగదు విషయంలో, 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ డిపాజిట్‌ను నగదుగా తీసుకోవడం, తిరిగివ్వడం రెండింటికీ ఆదాయపు పన్ను చట్టంలో అడ్డు ఉంది. ఉల్లంఘిస్తే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఇవాళ 15,000, రేపు 10,000 అని విడగొట్టినా పాత బాకీతో కలిపే లెక్కేస్తారు. ఆ మొత్తానికి చేరే, దాటే అడ్వాన్సులన్నీ బ్యాంకు ద్వారానే తీసుకోండి.